తరగతి బోధనలో యాప్‌లు, లీనానుభవ సాంకేతికత: పామిడి ప్రాంతం

పాఠం చెప్పడానికి, అభ్యాసం చేయించడానికి, పిల్లవాడికి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి ఫోన్, ట్యాబ్, గోడకు బిగించిన తాకుతెర, తలకు తగిలించుకునే కళ్లద్దాల పెట్టె వంటివి వాడే పద్ధతులన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. అనంతపురం జిల్లా పామిడి, దాని చుట్టుపక్కల మండలాల ప్రభుత్వ బడులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం సాగుతుంది. రాష్ట్రం, దేశం, బయటి ప్రపంచం అవసరమైన మేరకు వస్తాయి.

నిర్వచనం

విద్యా యాప్ అంటే ఒక పాఠ్యాంశాన్ని నేర్పడానికో, సాధన చేయించడానికో తయారుచేసిన సాఫ్ట్‌వేర్. లీనానుభవ సాంకేతికత అంటే చూసేవారికి తాము ఆ చోటే ఉన్నామనిపించే ఏర్పాటు. ఇంగ్లీషు వాడుకలో దీన్ని ఇమ్మర్సివ్ టెక్నాలజీ అంటారు. ఇందులో వర్చువల్ రియాలిటీ (వీఆర్) చుట్టూ ఉన్న గదిని పూర్తిగా కప్పేసి మరో లోకాన్ని చూపుతుంది. ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) ఉన్న గదిని అలాగే ఉంచి, బల్ల మీద ఒక గుండెనో అగ్నిపర్వతాన్నో నిలబెడుతుంది. గుమ్మటం లోపలి వైపు ఆకాశాన్ని చూపే ప్లానెటేరియం కూడా ఈ కుటుంబంలోదే. వయసులో అది వీటన్నిటికీ పెద్ద.

ఉపాధ్యాయులు రోజూ వాడే యాప్‌లన్నీ విద్యా యాప్‌లు కావు. ముఖం చూపి హాజరు వేయడం, మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు పంపడం పరిపాలన పనులు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖ గుర్తింపు హాజరు వచ్చాక, యాప్ అనే మాటకే ఉపాధ్యాయుల్లో విసుగు పుట్టింది. పాఠానికి పనికొచ్చే యాప్ కూడా ఆ విసుగు మూట మోస్తూనే తరగతిలోకి అడుగుపెట్టవలసి వచ్చింది.

ప్రాంత నేపథ్యం

పామిడి పెన్నా నది ఒడ్డున, అనంతపురం, గుత్తి పట్టణాల మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. భోగేశ్వరస్వామి గుడికి, బట్టల వ్యాపారానికి, కుట్టుపనికి పేరున్న ఊరు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నది పేరుకే నది, ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. ఖరీఫ్‌లో వేరుశనగ ప్రధాన పంట. ఊళ్లలో శెనక్కాయ అంటారు.

వాన రాకపోతే కుటుంబాలు బెంగళూరుకో, ఇంకా దూరానికో పనికి పోతాయి. బడికి దీనితో సూటి సంబంధం ఉంది. వలస వెళ్లి రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి భిన్నాల పాఠం దాటిపోయి ఉంటుంది. అప్పటికి తరగతి దశాంశాల్లో ఉంటుంది. స్థాయిని బట్టి పాఠం ఇచ్చే యాప్‌లకు ఈ ప్రాంతంలో ప్రత్యేక ఉపయోగం ఉంటుందనడానికి ఆధారం ఈ ఖాళీయే. (చూ. వలస, బడి మానేయడం)

చరిత్ర

బోధనా యంత్రం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ 1920లలో, బి.ఎఫ్. స్కిన్నర్ 1950లలో ప్రశ్న అడిగి జవాబు సరిచూసే యంత్రాలు చేశారు. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలైంది. 1967లో సేమూర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో భాషను తెచ్చారు. కంప్యూటర్ పిల్లవాడికి పాఠం చెప్పడం కాదు, పిల్లవాడే కంప్యూటర్‌కు పని చెప్పాలన్నది పేపర్ట్ వాదం. ఈ రెండు దారుల మధ్య తగవు నేటికీ తీరలేదు. బళ్లకు వచ్చే యాప్‌లలో అత్యధికం మొదటి దారివే.

రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపితే లోతు తెలుస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే స్టీరియోస్కోప్‌తో నిరూపించారు. తలకు తగిలించుకునే తెరను ఇవాన్ సదర్లాండ్ 1968లో చేశారు. దాని బరువుకు పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. వర్చువల్ రియాలిటీ అన్న పేరును 1980ల చివర జారన్ లానియర్ ప్రచారంలోకి తెచ్చారు. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్ వచ్చి అట్టపెట్టె, రెండు కటకాలు, ఒక ఫోన్ చాలన్న స్థితి తెచ్చింది. బడుల కోసం ఆ సంస్థే ఎక్స్‌పెడిషన్స్ అనే యాప్ నడిపి, 2021 జూన్‌లో ఆపేసింది. దాని మీద ఆధారపడి పాఠ ప్రణాళికలు రాసుకున్న ఉపాధ్యాయులు ప్రపంచమంతటా ఉన్నారు.

భారతదేశంలో ఈ కథకు ఉపగ్రహం నుంచి మొదలుపెట్టడం న్యాయం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన సైట్ ప్రయోగంలో నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. విద్యకే కేటాయించిన తొలి భారత ఉపగ్రహం అది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ ఉపగ్రహ పాఠాలను ప్రసారం చేసింది. 1985 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం ప్రారంభమైంది. విహారయాత్రకు వెళ్లిన రాయలసీమ బడి పిల్లల్లో చాలామందికి తొలి లీనానుభవం ఆ చీకటి గుమ్మటం కిందే జరిగి ఉంటుంది. (చూ. దూరవిద్య, ప్లానెటేరియం)

2017 సెప్టెంబర్ 5న దీక్ష వేదిక మొదలైంది. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్, దాన్ని ఫోన్‌తో చూస్తే వీడియోనో అభ్యాసమో తెరుచుకుంటుంది. కోడ్ కింద ఆరు అక్షరాల సంకేతం కూడా ఉంటుంది, కెమెరా పాడైతే దాన్నే టైపు చేయవచ్చు. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాక దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో పాఠాలు వచ్చాయి. ఆ జులై 29న ఆమోదం పొందిన జాతీయ విద్యా విధానం బోధనలో సాంకేతికతకు, డిజిటల్ విద్యకు విడిగా అధ్యాయాలు కేటాయించింది.

రాష్ట్రంలో పరికరాలు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే. 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బడులను ఎంచుకున్నారు. ఆ కార్యక్రమానికి కొనసాగింపుగా 2023లో 30 వేలకు పైగా తరగతి గదులకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, 10 వేలకు పైగా ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు చేరాయి. బడుల్లో అందరూ ఐఎఫ్‌పీ అని పిలిచేది ఈ ప్యానెళ్లనే. అంతకుముందు 2022 జూన్‌లో డిజిటల్ పాఠాల కోసం బైజూస్ సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. మొత్తం 5,18,740. అందులో 8వ తరగతి పిల్లలకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో రెండో విడత జరిగింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పంపిణీ కొనసాగలేదు. బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు 2024 జులైలో బెంగళూరులోని ఎన్‌సీఎల్‌టీ అనుమతించింది. పరికరం బడి చేతిలో ఉంటుంది, పాఠం మాత్రం మరొకరి చేతిలో ఉంటుంది. ఎక్స్‌పెడిషన్స్ విషయంలో, బైజూస్ విషయంలో పైకి తేలింది ఈ లోపమే.

రకాలు

పాఠ్య వీడియోలు, క్యూఆర్ పాఠాలు అందరికీ తెలిసినవే. అనుకరణ నమూనాలు వేరే జాతి. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ నమూనాల్లో విద్యార్థి తీగలు కలిపి బల్బు వెలిగిస్తాడు, లోలకం పొడవు మార్చి చూస్తాడు. ఇవి ఉచితం, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. జ్యామితికి జియోజీబ్రా, ఆకాశానికి స్టెల్లేరియం, ప్రయోగశాలకు అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ ఇదే కోవవి.

చదివించే యాప్‌లు మూడో రకం. గూగుల్ రీడ్ అలాంగ్ 2019లో బోలో పేరుతో హిందీలో మొదలై, తర్వాత తెలుగు నేర్చుకుంది. పిల్లవాడు పైకి చదువుతుంటే వింటుంది, తడబడిన పదాన్ని పట్టుకుని పలికి చూపుతుంది. స్థాయిని బట్టి ప్రశ్నలిచ్చే యాప్‌లు నాలుగో రకం. పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో రాష్ట్రంలోని కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ట్యాబ్ ల్యాబులు పెట్టి నడిపింది ఇలాంటిదే.

లీనానుభవ సాధనాల్లో చౌకైనవి 360 డిగ్రీల ఫొటోలు, వీడియోలు. ఎన్‌సీఈఆర్‌టీ ఏఆర్ యాప్‌లో పుస్తకం మీది బొమ్మ తెరపై లేచి నిలబడుతుంది. స్వతంత్రంగా పనిచేసే వీఆర్ హెడ్‌సెట్లు వేల రూపాయల ఖరీదు. ప్రభుత్వ బడిలో నలభై మందికి ఒకటి ఉన్నా ఎక్కువే.

పనిచేసే తీరు

స్థాయి యాప్ ముందు ఒక చిన్న పరీక్ష పెడుతుంది. 8వ తరగతి పిల్లవాడికి 4వ తరగతి భాగహారం రాదని తేలితే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ప్రతి జవాబునూ తప్పు, ఒప్పు అని మాత్రమే కాదు, ఎలాంటి తప్పు అని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 1/2, 1/3 కూడి 2/5 అని రాసిన పిల్లవాడిది అజాగ్రత్త కాదు, పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడే అలవాటు. మంచి యాప్ ఆ అలవాటు మీద పనిచేస్తుంది. నాసి యాప్ అదే ప్రశ్నను అంకెలు మార్చి మళ్లీ అడుగుతుంది.

వీఆర్‌లో కుడి, ఎడమ కళ్లకు కొద్ది తేడాతో రెండు బొమ్మలు వెళ్తాయి. తల తిప్పినప్పుడు గైరోస్కోప్ ఆ కదలికను పట్టి బొమ్మను తిప్పుతుంది. ఆ తిప్పడం సెకనులో యాభయ్యో వంతు ఆలస్యమైనా మెదడు పసిగడుతుంది. చెవి లోపలి సమతుల్య అవయవం కదిలానంటుంది, కన్ను ఇంకా కదల్లేదంటుంది. ఫలితం బస్సులో వచ్చేలాంటి వికారం. అట్టపెట్టె సాధనాలు తల తిప్పడాన్ని మాత్రమే గుర్తిస్తాయి. ఖరీదైనవి వంగడాన్ని, ముందుకు నడవడాన్ని కూడా గుర్తిస్తాయి.

ఒక పాఠం దగ్గరగా: శెనక్కాయ ఊడ

పువ్వు నేల పైన, కాయ నేల లోపల. పామిడి పిల్లలకు ఇది వింత కాదు, రోజూ చూసేదే. పసుపు పువ్వు ఫలదీకరణ చెందాక అండాశయం అడుగుభాగం సాగి, మొనలో అండాశయంతో కిందికి దిగుతుంది. రైతులు దీన్ని ఊడ అంటారు. మట్టిలోకి దూరి చీకటి తగిలాకే ఆ మొన కాయగా ఊరడం మొదలవుతుంది. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలని వ్యవసాయాధికారులు చెబుతారు. చేనుకు సద్ది మోసుకెళ్లిన పిల్లలు ఆ తెల్లపొడి చల్లడం చూసే ఉంటారు.

ఎందుకు చల్లుతారో మాత్రం చేను చెప్పదు. మొక్కలో కాల్షియం నీటితో పాటు వేరు నుంచి పైకి పోతుంది, ఆకుల నుంచి కిందికి తిరిగి రాదు. అందుకని నేలలో ఉన్న కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకోవాలి. పైపొరలో అది లేకపోతే కాయ తాలుపోతుంది. ఈ ప్రయాణం కంటికి కనిపించదు, నల్లబల్ల మీద బాణాలు గీసినా కదలదు. తెర మీద నేలను నిలువునా కోసి, నీటిదారిని నడిపించి, జిప్సం పొరను ఒకసారి పెట్టి ఒకసారి తీసి చూపితే ఆ తేడా అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

అదే పాఠంలో పువ్వు రంగు, ఆకుల అమరిక, వేరు బుడిపెలు చూపడానికి తెర దండగ. ఒక మొక్క పీకి తెచ్చి బల్ల మీద పెడితే చాలు, బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనబడుతుంది. చేతికి అందేది చేతికివ్వాలి, అందనిది తెర మీద చూపాలి. ఈ విభజన పాటించిన పాఠం 45 నిమిషాల్లో ముగుస్తుంది. అన్నిటినీ త్రీడీలో చూపబోయిన పాఠానికి గంట కొట్టేదాకా ప్యానెల్ తెరుచుకోవడమే సరిపోతుంది. ఒక చిన్న ఇబ్బంది కూడా ఉంది. జూన్, జులైలో విత్తితే ఆగస్టులో ఊడలు దిగుతాయి, పుస్తకంలో మొక్కల పాఠం ఆ నెలలోనే వస్తుందని నమ్మకం లేదు. (చూ. వేరుశనగ, రైజోబియం)

ఫలితాలపై పరిశోధన

కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే స్థాయి యాప్ మీద చేసిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో నాలుగున్నర నెలలు వాడిన పిల్లలకు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేరకు ఎక్కువ మార్కులు వచ్చాయి. ఈ రంగంలో ఇవి పెద్ద అంకెలే. 6వ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా అదే అధ్యయనం చూపింది. అక్కడ మనుషులు నడిపే చిన్న బృందాల తరగతులు కూడా జరిగాయి కాబట్టి ఘనతంతా యాప్‌దే అనడానికి లేదు. పెరూలో ప్రతి పిల్లవాడికీ ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకంపై జరిగిన మదింపులో గణితం, భాషల్లో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. పరికరం పంచడం ఒకటి, పాఠాన్ని పిల్లవాడి స్థాయికి తేవడం మరొకటి.

వీఆర్ మీద ఆధారాలు ఇంకా మిశ్రమంగా ఉన్నాయి. గైడో మక్రాన్స్కీ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో, సైన్సు ల్యాబ్ పాఠాన్ని హెడ్‌సెట్‌లో చూసినవారు అక్కడే ఉన్నామన్న అనుభూతి ఎక్కువ పొందారు, నేర్చుకున్నది మాత్రం మామూలు తెర మీద చూసినవారి కన్నా తక్కువ. కంటికి విందు ఎక్కువైతే బుద్ధికి జాగా తగ్గుతుంది. యునెస్కో 2023 ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా సాంకేతికత ఎవరి షరతుల మీద వస్తున్నదనే ప్రశ్ననే ముందు పెట్టింది.

అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నారు. అంతకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం.

భాష

ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి. యాప్‌లకు ఆ వెసులుబాటు చాలాసార్లు లేదు. ఇంగ్లీషు మాట, దాని మీద అచ్చు తెలుగు అనువాదం, రెండూ పిల్లలకు కొత్తే. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్ రెండిట్లో ఏది సులువని అడిగితే పామిడి పిల్లలు రెండూ కాదంటారు, ఆకు అన్నం వండుకోవడం అంటే తలూపుతారు. వేరుశనగ అని వినిపించిన చోట శెనక్కాయ అని ఉపాధ్యాయుడు పక్కన కలపవలసిందే. రాయలసీమ ఉచ్చారణను చదివించే యాప్‌లు కొన్నిసార్లు తప్పుగా పట్టుకుంటాయి, పిల్లవాడు సరిగానే చదివి మళ్లీ చదవవలసి వస్తుంది.

విద్యుత్తు, ఎండ, దుమ్ము

కరెంటు పోతే ప్యానెల్ నల్లబల్ల కన్నా నల్లగా ఉంటుంది. యూపీఎస్ లేని గదిలో మళ్లీ ఆన్ అయ్యేసరికి పిల్లల ధ్యాస కిటికీ బయటికి పోతుంది. వేసవిలో జిల్లా ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, ఒంటిపూట బడుల కాలంలో ఉదయపు ఎండ కిటికీలోంచి నేరుగా తెర మీద పడితే వెనక బెంచీకి తమ ముఖాలే కనిపిస్తాయి. ఒక మందపాటి దుప్పటి కిటికీకి కట్టడం దీనికి తెలిసిన చౌకైన మందు. ఎర్రనేల దుమ్ము, ఎండిన ఏటి ఇసుక గాలితో లోపలికొచ్చి తెర అంచుల్లోని స్పర్శ గుర్తింపు పరికరాలను కప్పితే వేలు ఒకచోట పెడితే గీత మరోచోట పడుతుంది. పొడి మెత్తటి గుడ్డతో అంచులు తుడిస్తే చాలావరకు సరవుతుంది. నీళ్లు చల్లి తుడవడం ప్రమాదం.

నెట్ విషయంలో 2022 ట్యాబ్‌లు ఒక మంచి దారి చూపాయి. పాఠాలను మెమరీ కార్డులోనే నింపి ఇచ్చారు కాబట్టి సిగ్నల్ లేకున్నా తెరుచుకున్నాయి. సాయంత్రం ఫోన్ ఇంట్లో పెద్దవాళ్లతో పనికి పోయే కుటుంబాల్లో క్యూఆర్ పాఠం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి.

ఆరోగ్యం, గోప్యత

హెడ్‌సెట్ తయారీదారులు కనీస వయసు పెడతారు. మెటా సంస్థ 2023లో దాన్ని 13 నుంచి 10 ఏళ్లకు తగ్గించి, తల్లిదండ్రుల నియంత్రణలో ఉండే ఖాతాలు తప్పనిసరి చేసింది. తరగతిలో ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు, కూర్చోబెట్టి, పక్కన ఒకరు నిలబడి చూపించడం వాడుకలో ఉన్న జాగ్రత్త. కటకాలు, ముఖానికి ఆనే దిండు ప్రతి పిల్లవాడి తర్వాత తుడవాలి, కళ్లకలక సీజన్‌లో అసలు వాడకపోవడమే మేలు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగా లెక్కించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలను నిషేధిస్తుంది. ఉచిత యాప్ ఎంచుకునేటప్పుడు ఉపాధ్యాయుడు మొదట చూడవలసింది పాఠం నాణ్యత, వెంటనే చూడవలసింది పాఠం మధ్యలో వచ్చే ప్రకటన. (చూ. వ్యక్తిగత గోప్యత)

స్థానిక సామగ్రి

బయటి సంస్థ మూతపడినా నిలిచేది బడి తానే తయారు చేసుకున్న పాఠం. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఫోన్‌లో 360 డిగ్రీల ఫొటో తీసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. గుత్తి కోటను అలా తీస్తే సాంఘికశాస్త్రంలో దత్త మండలాల పాఠానికి ఉపయోగపడుతుంది. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోను 1827లో పత్తికొండలో చనిపోయాక మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. భోగేశ్వర ఆలయ మండపం కొలతలు జ్యామితికి పనికొస్తాయి. ఊడ దిగే మొక్కను గాజు సీసాలో పెంచి రోజుకొక ఫొటో తీసి, వాటిని వరుసగా కలిపితే రెండు వారాల ఎదుగుదల అర నిమిషంలో కదులుతుంది. నది పాఠానికి ఎగువన మిడ్ పెన్నార్ ఆనకట్ట, దిగువన ఎండిన ఇసుక, రెండు చోట్లా ఒకే రోజు తీసిన ఫొటోలు చాలు. పెన్నలో నిజంగా నీళ్లొచ్చిన రోజు మాత్రం వంతెన మీదికి ఫోన్ పట్టుకుని పోవాలి. అలాంటి రోజు మళ్లీ ఎప్పుడొస్తుందో ఏ యాప్‌లోనూ ఉండదు.